అద్దానికి ఇవతల

3వ తేదీ, సోమవారం

గువ్వకి బొమ్మల కార్డులతో చదువు చెప్పే బొమ్మల టీచరు ఇచ్చిన పుస్తకంలో రాయమన్నవన్నీ రాశాను. గువ్వ ఎంతసేపు నిద్రపోయింది, ఏం తిన్నది, ఎన్నిసార్లు చెవులు మూసుకుంది. ఇది ఆ పుస్తకం కాదు. ఇది నాది. కుట్టుమిషను సొరుగులో, దారపు కండెల కింద ఉంటుంది. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే ఉంటాయి, దిద్దేవాళ్ళు లేరు కాబట్టి బాధ లేదు.

ఒళ్ళు మండి రాస్తున్నాను. నా మనవరాలిని చేపల తొట్టిలో దించుతారట.

తొట్టి అంటే ఇంట్లో బల్ల మీద పెట్టుకునేది కాదు. అక్వేరియంలో రెండంతస్తుల ఎత్తున అద్దాల తొట్టి. పైనుంచి మెట్లు దిగి మనుషులు చేపల మధ్య ఈదుతారు, కిందనుంచి జనం టిక్కెట్టు కొనుక్కుని చూస్తారు. గువ్వ చదివే ప్రత్యేక బడి నుంచి ఆరుగురు పిల్లలకి ఆ అవకాశం ఇచ్చారట. అవకాశమట.

గువ్వకి ఎనిమిదేళ్ళు. నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తే ఇల్లెగిరిపోయేట్టు అరుస్తుంది. మిక్సీ వేస్తే బల్ల కింద దూరుతుంది. చొక్కా మెడ వెనక లేబులుంటే చర్మం ఒలిచేస్తున్నట్టు ఏడుస్తుంది. తల నిమరాలన్నా ముందు చెప్పి నిమరాలి. అలాంటి పిల్లకి ఒంటినిండా రబ్బరు సూటు బిగించి, కళ్ళకి అద్దాలు కట్టి, నోట్లో గొట్టం పెట్టి, చన్నీళ్ళలో దించుతారు. దించి, అందులోని టేకు చేపని చూపిస్తారు. అదే, దుప్పటిలా పరుచుకుని ఈదే చేప. దాని బొమ్మ మా ఇంట్లో లేని గోడ లేదు.

నా కూతురు ఒప్పుకుని సంతకం కూడా పెట్టేసింది. అదేంటే అని నిలదీశాను.

"అది అడిగిందమ్మా," అంది. "'టేకు దగ్గరికి, నీళ్ళలోకి, నేను' అంది. పుట్టాక నోరు తెరిచి అది అడిగింది ఇదొక్కటే."

చందమామని కూడా అడుగుతుంది, నిచ్చెన వేస్తావా అన్నాను. సంచి తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే పని దానిది. ఊరందరి చేతులకీ సూదులు గుచ్చే మనిషికి భయం అంటే ఏం తెలుస్తుంది.

4వ తేదీ

అల్లుడికి ఫోను చేశాను. లారీ మీద ఎక్కడో ఉన్నాడు. "మీరే చూసుకోండి అత్తయ్యా," అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఒక్క మాట మీదే బండి నడుపుతున్నాడు.

6వ తేదీ, గురువారం

సూటు ఇంటికి వచ్చింది. నల్లగా, టైరు వాసన. తలుపు కొక్కేనికి తగిలిస్తే తల లేని మనిషి వేలాడుతున్నట్టుంది. గువ్వ కంటే ముందు నేను జడుసుకున్నాను.

బొమ్మల టీచరు వచ్చి గోడకి వరసగా కార్డులు అంటించింది. సూటు. చెయ్యి. కాలు. జిప్పు. చిన్న కొలను. పెద్ద తొట్టి. చివర టేకు చేప. గువ్వ మెడలో ఒక ఎర్ర కార్డు వేసింది. అది చూపిస్తే ఎక్కడి పని అక్కడ ఆపేయాలి, ఎందుకూ అని అడగకూడదు. మొదటి రోజు సూటు గదిలో ఉంటే చాలట. రెండో రోజు ముట్టుకుంటే చాలట. కాళ్ళకి దణ్ణం పెట్టి పెళ్ళికూతుర్ని ఒప్పించినట్టు ఉంది వ్యవహారం.

అసలు మెలిక ఇది. ఇరవై రెండో తేదీకల్లా గువ్వ పావుగంట సూటులో ఉండాలి, చిన్న కొలనులో ఒక్కసారైనా మొహం నీళ్ళలో పెట్టాలి. లేకపోతే దాని చోటు ఇంకో పిల్లకి వెళ్తుంది. వెనక పదిమంది ఎదురు చూస్తున్నారట.

వెళ్తే వెళ్ళనీ అన్నాను. కూతురు నావైపు చూసిన చూపుకి పాలు విరిగిపోతాయి.

8వ తేదీ, శనివారం

ఈరోజు చిన్న కొలను దగ్గరికి తీసుకెళ్ళారు. పాదాలు మాత్రమే. ఈత నేర్పేవాడికి తల మీద ఒక్క వెంట్రుక లేదు. గువ్వ అతన్ని చూడగానే "గుండు" అంది, అతను "అవును, నేనే" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

పిల్ల మునిగితే ఎవరిది బాధ్యత అని అడిగాను. నడుము లోతే కదండీ పెద్దమ్మా అన్నాడు. నడుము లోతులో పోయినవాళ్ళు నాకు తెలుసు అన్నాను. నాకెవరూ తెలియదు. అయినా అనాలి కదా, ఎవరో ఒకరు.

గువ్వ రెండు పాదాలూ పెట్టింది. ఆరు నిమిషాలు. నేను పక్కనే నిలబడి జాగ్రత్త, జారుతుంది, చలి చలి అంటూనే ఉన్నాను. నేను అనకపోతే ఎవరంటారు.

9వ తేదీ

సూటు మెడ వెనక లేబులు కత్తిరించాను. బోలెడు చిన్న చిన్న అక్షరాలు. దాని బట్టలన్నిటికీ నేనే కత్తిరిస్తాను, దీనికి మాత్రం ఎందుకు ఉంచాలి.

11వ తేదీ, మంగళవారం

రెండు చేతులూ దూర్చింది. రెండు కాళ్ళూ. జిప్పు వేశారు. తొమ్మిది నిమిషాలు. చప్పట్లు కొడితే చెవులు మూసుకుంటుందని అందరం చేతులు గాలిలో ఆడించాం, మూగవాళ్ళ పెళ్ళిలాగా.

కానీ మెడ లాక్కుంటోంది. విప్పాక చూస్తే ఎర్రగా కందింది. బొమ్మల టీచరుకి కనిపించలేదు. కన్నతల్లికి కనిపించలేదు. నాకు కనిపించింది.

12వ తేదీ

మెడ దగ్గర అతుకు రెండు వేళ్ళ మేర విప్పి, పాత బనీను గుడ్డ పట్టీ వేసి కుట్టాను. దూదిలా ఉంది. నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టినదాన్ని. బయటికి కనిపించదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పనేమీ కాదు.

13వ తేదీ

ఈరోజు మెడ లాక్కోలేదు. పద్నాలుగు నిమిషాలు. చదువుకున్నవాళ్ళు వారంలో చెయ్యలేనిది నేను ఒక్క పూటలో చేశాను. ఆ పుస్తకంలో రాయలేదు.

15వ తేదీ, శనివారం



కొలనులోకి గువ్వ నడుము దాకా దిగింది. ఎర్ర కార్డు చూపించలేదు. గుండు ముందు నడుస్తూ మోకాళ్ళు వంచమన్నాడు. వంచింది. నీళ్ళు భుజాల దాకా వచ్చాయి. అంతే. ఒక్కసారిగా వీపు మీద ఎవరో కత్తితో గీసినట్టు అరిచింది. అలాంటి అరుపు నేను ఎప్పుడూ వినలేదు, దాని అరుపులన్నీ నాకు తెలుసు. మెడ పట్టుకుని పీక్కుంది. కార్డు వెతుక్కునే ఓపిక ఎక్కడిది. గట్టు మీదికి ఎగబడుతూ నుదురు కొట్టుకుంది. రక్తం పెద్దగా రాలేదు. కూతురు ఒంటి మీద బట్టలతోనే నీళ్ళలోకి దూకింది.

కారులో గంటసేపు ఊగుతూనే ఉంది. ముట్టుకోనివ్వలేదు, ఎవర్నీ.

నేను చెప్పలేదా. మొదటి రోజే నేను చెప్పలేదా.

16వ తేదీ

నేను చెప్పలేదా అని బొమ్మల టీచరుకి ఫోనులో చెప్పాను. గుండుకి చెప్పాను. అల్లుడికి చెప్పాను. కూతురికి మూడుసార్లు చెప్పాను. చిన్నపిల్ల ఉసురు పోసుకుంటున్నారు అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. గెలిచినట్టే ఉంది.

17వ తేదీ

గువ్వ గోడ మీద కార్డులన్నీ పీకేసింది. టేకు చేపది కూడా. చేతులు కడుక్కోవడానికి కొళాయి తిప్పితే పరుగెత్తి దాక్కుంటోంది. ఇంతకుముందు అది చేసేది కాదు. తడిగుడ్డతో తుడవబోయినా వద్దంది.

ఈరోజు నేను చెప్పలేదా అని అనలేదు.

18వ తేదీ, మంగళవారం

సూటు తిరిగి ఇచ్చేయడానికి కూతురు ఉతికి ఆరేస్తోంది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. అది మెడ దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. లోపలి వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

"ఇది నీ కుట్టే కదా."

నేను కిటికీలోంచి చూశాను.

"ముందు మూడు చుట్లు తిప్పి అప్పుడు ముడేస్తావు. నా యూనిఫారాలన్నిటికీ ఇదే ముడి. నాకు తెలీదా అమ్మా."

ఒరుసుకుంటోందని, మెత్తగా ఉంటుందని కుట్టాను అన్నాను. నాకు బుర్ర లేదు అనుకుందేమో, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఆ సూటులోకి నీళ్ళు కొంచెం కొంచెంగా వస్తాయి, ఒంటి వేడికి అవే వెచ్చబడి పట్టుకుని ఉంటాయి. మెడ అందుకే అంత బిగుతు. మెడ వదులైతే చన్నీళ్ళు ఒక్కసారిగా వీపంతా కమ్ముకుంటాయి. గుండు అందరికీ ఇది మొదటి రోజే చెప్పాడట. నేను అప్పుడు అతనితో నడుము లోతు గురించి పోట్లాడుతున్నానట.

"నీకు అది దిగకూడదనే ఉంది," అంది.

అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. సూటు మడిచి కుర్చీలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

నన్ను అనుమానిస్తుందా. ఎత్తుకుని పెంచిన చేతుల్ని. కన్నదాని కంటే దాని దగ్గర ఎక్కువ ఉన్నది నేను. తిండి నేను, స్నానం నేను, బయట బాత్రూముల్లో చేతులారబెట్టే మిషను మోగితే దాని చెవులు మూసేది నేను. ఎవరైనా అడిగారా, నువ్వు నిద్రపోయావా అని. మెత్తగా ఉంటుందనే కుట్టాను. నా ఒట్టు.

19వ తేదీ

కూతురు మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడను.

20వ తేదీ, గురువారం

ఒక్కసారి నిజం రాస్తాను. ఈ పుస్తకంలో కాకపోతే ఇంకెక్కడ.

పెళ్ళి కాక ముందు ఒక వానాకాలం రెయిన్‌కోట్ల కార్ఖానాలో పనిచేశాను. అక్కడి మేస్త్రీ మొదటి రోజే ఒక మాట చెప్పాడు. గుడ్డకి సూది గుచ్చితే పూడుతుంది, రబ్బరుకి గుచ్చితే పూడదు. అందుకే అతుకుల మీద పట్టీ అంటించేవాళ్ళం, ఊరికే కుట్టేవాళ్ళం కాదు.

ఆ మాట పన్నెండో తేదీన నాకు గుర్తుంది. సూది దించుతున్నప్పుడు గుర్తుంది. మెడ ఒరుసుకోకుండా అనే కుట్టాను, అది అబద్ధం కాదు. కాని అది సగం. కొంచెం తడి తగిలితే అదే వద్దంటుంది, ఎవరి మీదా నింద పడదు, పిల్ల ఇంట్లో ఉంటుంది అనుకున్నాను. అంత చలి కొడుతుందని అనుకోలేదు. తల కొట్టుకుంటుందని అనుకోలేదు. కొళాయిని చూసి పారిపోతుందని అనుకోలేదు.

ఎవరి మీద కోపమో తెలియక ఊరందర్నీ తిట్టాను. ఇప్పుడు తెలిసింది, ఏం లాభం.

మధ్యాహ్నం గువ్వ నేల మీద దారపు కండెలు రంగుల వరసలో పేరుస్తోంది. మోకాళ్ళు పట్టేసినా పక్కన చతికిలపడ్డాను. నేను మాట్లాడబోతున్నాను అని ముందు చెప్పాను. తర్వాత చెప్పాను.

"సూటు మెడ నేను కుట్టాను. అందుకే చన్నీళ్ళు వచ్చాయి."

అది కండెల మీంచి కళ్ళెత్తలేదు. నీలం పక్కన ముదురు నీలం పెట్టింది.

"నీళ్ళ తప్పు కాదు," అంది.

కాదన్నాను.

"సూటు తప్పు కాదు."

కాదు.

"అమ్మమ్మ తప్పు."

"అవునమ్మా."

ఇంకో మూడు కండెలు పెట్టింది. లేచి కుర్చీ దగ్గరికి వెళ్ళి సూటు మెడ లోపల వేలు పెట్టి నా కుట్టు మీద నడిపించింది, మొదలు నుంచి ముడి దాకా. "ఇది తీసెయ్," అంది. బ్లేడు తెచ్చి దాని కళ్ళ ముందే ఒక్కొక్క పోగూ తీశాను. అది చూస్తూ నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

ఐదు రోజులుగా పిల్ల నీళ్ళని తప్పుపట్టి కూర్చుంది. నీళ్ళకేం తెలుసు పాపం.

21వ తేదీ

కూతురితో చెప్పాను. రెయిన్‌కోట్ల సంగతి కూడా. విని, తల ఊపి, పళ్ళెం తీసుకుని వేరే గదిలో తిన్నది.

సాయంత్రం బొమ్మల టీచరు గుండు ఇచ్చిన వేరే సూటు తెచ్చింది. గువ్వ మెడ లోపల తడిమి చూసుకుని తొడుక్కుంది. పద్దెనిమిది నిమిషాలు. వెళ్ళేటప్పుడు టీచరు నన్ను గుమ్మం బయటికి పిలిచింది. రేపు మీరు రాకపోతే మంచిది అమ్మా అంది. అడుగు వేసే ముందు ప్రతిసారీ గువ్వ నా మొహం చూస్తుందట. భయపడాలా వద్దా అని నా మొహం చూసి తేల్చుకుంటుందట.

నా మొహానికేమయింది. అరవై ఎనిమిదేళ్ళుగా ఇదే మొహం. దీంతోనే పెళ్ళయింది, దీంతోనే పిల్లని కన్నాను.

వెళ్ళనని చెప్పాను. వెళ్ళను కూడా. పిలవని పేరంటానికి పోయే అలవాటు నాకు లేదు.

22వ తేదీ, శనివారం

తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఫోను చూశాను, మోగదు. అది పాడయిందేమోనని పక్కింటావిడ చేత చేయించుకుని చూశాను. మోగింది.

ఒంటిగంటకి వచ్చారు. గువ్వ చెప్పులు విప్పి వరసగా పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"మొహం పెట్టాను. నీళ్ళలో చప్పుడు లేదు," అంది. మళ్ళీ అంది. "నీళ్ళలో చప్పుడు లేదు."

అప్పుడు అర్థమైంది నాకు. ఈ మిక్సీలు, హారన్లు, కుర్చీలు ఈడ్చే చప్పుళ్ళు, జాగ్రత్త జాగ్రత్త అని మోగే నా నోరు, ఇవేవీ లేని చోటు ఒకటుంది. అది కనిపెట్టుకుంది. గోడల మీద చేప బొమ్మలు అంటిస్తే చేపల పిచ్చి అనుకున్నాను. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఇన్ని కార్డులు అంటించారు, ఈ ఒక్క ముక్క నాకు ఎవరైనా చెప్పారా. చెప్పి ఉంటే నేను సూది ముట్టేదాన్నా.

ముట్టేదాన్నేమో. ఏమో.

26వ తేదీ

చోటు ఖాయం. శనివారం పదకొండు గంటలకి. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. గువ్వ మాత్రం "అమ్మమ్మ కింద. నేను పైన" అంది. అందుకని వెళ్తున్నాను.

29వ తేదీ, శనివారం

అక్వేరియం కింది హాలు చీకటిగా, నీలంగా ఉంది. పెద్ద అద్దం. దానికి ఎదురుగా బెంచీలు. టిక్కెట్టు కొన్న జనం, చంకల్లో పిల్లలు. కూతురు అద్దానికి ఆనుకుని నిలబడింది. నేను మొదటి బెంచీలో కూర్చున్నాను. అద్దం వెనక చేపలు తిరుగుతున్నాయి, వాటికేం తొందర లేదు.

పైన మెట్ల దగ్గర గుండు కాళ్ళు దిగాయి. తర్వాత రెండు చిన్న కాళ్ళు. ఆగిపోయాయి. చాలాసేపు ఆగాయి. ఇంకో మెట్టు దిగింది. నడుము. ఎర్ర కార్డు నీళ్ళలో తేలుతోంది, చెయ్యి దాని మీదికి పోలేదు.

అప్పుడు నా బుగ్గలు వణకడం నాకే తెలిసింది. కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుని ఉంది. మూద్దామంటే మూతపడదు. నా మొహం నా మాట వినడం మానేసింది. ఇంకో నిమిషంలో ఆ పిల్ల తల ముంచి కిందికి చూస్తుంది, అద్దంలోంచి మొట్టమొదట చూసేది నన్నే.

లేచి, అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాను.

ఎదురుగా గోడ. గోడకి నిప్పు ఆర్పే ఎర్ర సీసా, అద్దం మీద కొట్టరాదు అనే బోర్డు. గోడకీ నాకూ మధ్య జనం, వాళ్ళ మొహాల మీద నీలం వెలుగు. ఏం చెయ్యను, వాళ్ళ మొహాలే చూశాను. ముందు అందరూ పైకి చూశారు. తర్వాత గడ్డాలు నెమ్మదిగా కిందికి దిగాయి. దిగిందన్నమాట. ఒక ముసలాయన నోరు తెరిచాడు. అందరి తలలూ ఎడమ నుంచి కుడికి ఒకేసారి తిరిగాయి, పెద్దదేదో వెళ్తున్నట్టు. టేకు. ఒకావిడ ఫోను ఎత్తి వీడియో తీసుకుంటోంది. నీ సొమ్మా అది, నా పిల్ల, అనుకున్నాను. ఎవరో చిన్నపిల్ల "అమ్మా, ఆ అక్క నవ్వుతోంది" అంది.

నీళ్ళలో గొట్టం పెట్టుకుని నవ్వుతారా ఎవరైనా. వాళ్ళమ్మ కూడా అవునంది.

ఇరవై రెండు నిమిషాలు. తిరగలేదు నేను.

ఇంటికొచ్చాక గువ్వ జరిగినవన్నీ వరసగా చెప్పింది. మెట్టు. మెట్టు. చలి. చప్పుడు లేదు. టేకు పొట్ట తెలుపు. అద్దం. అమ్మ. అమ్మమ్మ వీపు. చెప్పేసి వెళ్ళి పడుకుంది, పగలే, దుప్పటి కూడా కప్పుకోకుండా.

కూతురు పది రోజుల తర్వాత నా గదిలోకి వచ్చింది.

"అద్దం దాకా వచ్చి నీకు చెయ్యి ఊపింది. రెండుసార్లు. నువ్వు గోడ చూస్తూ కూర్చున్నావు. దిగిందని ఇంకా కోపమా? ఇంత పంతమేంటమ్మా?"

పంతమట.

చెప్పవచ్చు. చెబితే అయ్యో అమ్మా అంటుంది, వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆ అయ్యో నాకు ఇప్పుడే వద్దు. రబ్బరులో సూది దించిన చేతికి అంత తొందరగా మంచిపేరేమిటి. అనుకోనీ. నడుము నొప్పెట్టి అటు తిరిగానని చెప్పాను. నమ్మలేదు. తలుపు గట్టిగా వేసి వెళ్ళింది.

కాని ఒళ్ళు మాత్రం మండుతూనే ఉంది. ఆ ఫోనావిడ చూసింది. ఆ ముసలాయన చూశాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరూ కడుపునిండా చూశారు, నా మనవరాలు ఈదడం.